మాతకు పగలని గాజు

గురజాల కోర్టు ఎదురుగా, గుమాస్తాలు కాఫీ తాగే పాక పక్కన, చిన్న చెక్కపెట్టె ముందేసుకొని కూర్చునే జక్కయ్యను ఆ రోజుల్లో ఎరగనివాళ్ళు తక్కువ. వాయిదాకు వచ్చినవాళ్ళు ఆగిపోయిన గడియారం అతని చేతిలో పెట్టి లోపలికి పోయేవారు. సాయంత్రానికి కేసు కదిలినా కదలకపోయినా గడియారం మాత్రం కదిలేది. కూలిజనం ఉండే పేటవాడి చేతికి గడియారం ఇవ్వటమేమిటని మొదట్లో మూతి ముడుచుకున్న పెద్దమనుషులు కూడా, దానికోసం నరసరావుపేట దాకా పోయే ఓపిక లేక, కిమ్మనకుండా ఇచ్చిపోవటం అలవాటు చేసుకున్నారు.

ఆ పని అతను నేర్చుకున్నది నరసరావుపేటలోనే, స్టేషను దగ్గర అబ్దుల్ రహీమ్ కొట్లో. అప్పుడప్పుడే చేతి గడియారాలకు పగలని గాజు వస్తోంది. అది నిజానికి గాజు కాదు, గాజులా కనపడే ఒక రకం ప్లాస్టిక్. కింద పడితే పగలదు కానీ చొక్కా గుండీ తగిలినా గీత పడుతుంది. రెండేళ్ళు వాడితే ముల్లు ఎక్కడుందో కనపడనంతగా మసకబారుతుంది. మిగతా కొట్లవాళ్ళు దాన్ని పీకి పారేసి కొత్తది బిగించేవారు. రహీమ్ మాత్రం పాతదాన్నే అరగదీసి మెరుగు పెట్టేవాడు. “గీతను తుడవటం ఎవరివల్లా కాదురా. గీత ఎంత లోతుందో చుట్టుపక్కలంతా అంత లోతుకు దించాలి, అంతే” అనేవాడు. జక్కయ్యకు ఆ మాట ఒంటబట్టింది. గడియారం విప్పటంకన్నా గాజుకు మెరుగు పెట్టటమే అతనికి ఇష్టమైన పనయింది.

అతని సొంత ఊరు రాళ్ళమడుగు. మాచర్ల పోయే దారిలో, వాగుకు అవతల ఊరు, ఇవతల పేట. ఊళ్ళో రెడ్లు, పేటలో కూలిజనం. అందరూ కతోలికులే, అందరికీ ఒకటే గుడి. ఆ గుడి రెడ్ల బజారులో ఉండేది. దేవుడి ముందు అంతా ఒకటేనని ఫాదరు గారు పూజలో చెప్పేవారు. ఏటా ఫిబ్రవరిలో లూర్దు మాత పండగకు ఊరేగే తేరు మాత్రం ఆ మాట ఎన్నడూ విన్నట్టు లేదు. అది రెడ్ల బజారంతా తిరిగి, చావిడి మూలకు వచ్చి, అక్కడినుంచి వెనక్కి మళ్ళేది. పేటజనం ఆ మూలకు వచ్చి నిలబడి, దూరం నుంచి దణ్ణం పెట్టుకొని పోవాలి.

ఎందుకని ఎవరైనా అడిగితే గుడిపెద్ద శౌరిరెడ్డి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మాత స్వరూపం సముద్రాలు దాటి వచ్చింది. పేటదారి నిండా రాళ్ళు, దుమ్ము. ఆ కుదుపుకు రంగు రాలితే ఎవరు వేస్తారు? “అద్దాలపెట్టె ఉంటే అది వేరే సంగతి” అని కూడా అనేవాడు. అద్దాలపెట్టె ఆ రాళ్ళదారిలో పగలకుండా వస్తుందా అని ఇంకొకరు అనేవారు. దాంతో ఆ ముచ్చట ముగిసిపోయేది. ఎవరికీ అడ్డురాని జవాబు అది.

జక్కయ్య పెళ్ళాం ఫిలోమినా. మిరపకోతలకు పోయి, సాయంత్రం బస్తాల బండి మీద తిరిగొస్తుంటే వాగు దిగుడులో బండి తిరగబడింది. బస్తాలు నడుము మీద పడ్డాయి. గుంటూరు ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు కానీ కాళ్ళు నిలపలేకపోయారు. అప్పటినుంచి ఆమె లోకం ఒక నులకమంచం. మంచం మీదే బియ్యం ఏరేది, మంచం మీదే కూర తరిగేది, నోటితో మాత్రం పేట అంతా తిరిగేది. బిడ్డలు లేరు. పుట్టింటివైపు మిగిలింది ఒక్క అన్న, అంతోని. అతను గుడికి ఉపదేశి. పిల్లలకు జపాలు నేర్పుతాడు, పండగలకు సిలువ పట్టుకొని ముందు నడుస్తాడు. ఆదివారం పూజ అవగానే నేరుగా చెల్లెలి దగ్గరికి వచ్చి, ఫాదరు గారు చెప్పిన ప్రసంగమూ, దాని వెనక ఊళ్ళో వాళ్ళ మీద చాడీలూ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, అన్నం తిని పోయేవాడు. ఆమె ఆదివారం కోసమే వారమంతా గడిపేదంటే అబద్ధం కాదు.

కాళ్ళు పోయాక ఆమెకు ఒకటే కోరిక మిగిలింది. తేరు ఒక్కసారి తన గుమ్మం ముందుకు రావాలి.

“కాళ్ళియ్యమని అడుగుతాననుకుంటున్నారేమో, అదేం లేదు. ఎదురుగా నిలబెట్టి నాలుగు మాటలు అడగాలి ఆమెని. బండి నిండా మనుషులుంటే నేనే దొరికానా నీకు అని” అనేది. విన్నవాళ్ళు నవ్వేవారు. జక్కయ్య నవ్వేవాడు కాదు. ఆ కోరిక ఎంత పెద్దదో అతనికి తెలుసు.

ఇట్లా ఉండగా ప్రాజెక్టు కాలనీలో ఒక ఇంజనీరుకు బదిలీ అయింది. సామానంతా లారీకెక్కించాక చేపలు పెంచే తొట్టి ఒకటి మిగిలిపోయింది. ఆయన దగ్గర వంటచేసే మనిషిది ఈ పేటే. గుడికి పనికొస్తుందేమో పట్టుకుపో అన్నారు దొరవారు. దాన్ని అంతోని బండిలో వేసుకొచ్చాడు, పగులుతుందేమోనని చుట్టూ వరిగడ్డి కుక్కి మరీ. ఉన్న గీతలు చాలవన్నట్టు గడ్డి రాపిడికి ఇంకొన్ని పడ్డాయి. ఫాదరు గారు దాన్ని చూసి పెరట్లో పడెయ్యమన్నారు. అడుగున పాచి, మధ్యలో నీళ్ళు నిలిచినంత మేర సున్నంలా తెల్లటి చార, నాలుగు వైపులా గీతలు. లోపల చెయ్యి పెడితే బయటికి చెయ్యి కనపడదు, నీడ కనపడుతుంది.

అంతోని దాన్ని జక్కయ్య ఇంటికి మోయించాడు.

“ఇది నీ గడియారం గాజే గదా బావా?”

జక్కయ్య వేలితో తట్టాడు. మూలను కొంచెం గీకి వాసన చూశాడు. “అదే. దీన్ని పెట్టుకునే చెయ్యి మాత్రం ఏనుక్కే ఉండాలి.”

“తెల్లంగా చెయ్యగలవా?”

“ఎందుకు?”

అంతోని మంచం పట్టె మీద కూర్చొని చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. “దీన్ని బోర్లిస్తే మాతకు సరిగ్గా సరిపోద్ది. పగలదు. లోపలికి దుమ్ము పోదు. ఇంకేం వంక చెప్తారు? ఫాదరు గారితో అన్నా, రెడ్డి గారితో అన్నా. పెట్టె బాగుపడితే తేరు పేటకు పోనిత్తామన్నారు. మాట తీసుకున్నానే చెల్లా. నీ గుమ్మం ముందే దింపిత్తా.”

ఫిలోమినా రెండో చెయ్యి చాచి తొట్టి అంచు తడిమింది.

ఆ రోజునుంచి కోర్టు దగ్గర చెక్కపెట్టె మూతపడింది. జక్కయ్య తొట్టిని మంచం పక్కనే పెట్టుకొని పనిలోకి దిగాడు. ముందు చింతపండు పులుసు పట్టించి నానబెట్టి, గుడ్డతో మెల్లగా రుద్దితే పాచీ సున్నపు చారా ఊడివచ్చాయి. కాంపౌండరు దగ్గర స్పిరిటు తెచ్చాను, దాంతో తుడిస్తే మిగిలిన మసక ఒక్కపూటలో పోతుంది అంటూ అంతోని సీసా పట్టుకొస్తే, జక్కయ్య అతన్ని తిట్టినంత పని చేశాడు. స్పిరిటు తగిలితే ఆ ప్లాస్టిక్ లోపల వెంట్రుకల్లా పగుళ్ళు పుడతాయి. ఇక దాన్ని ఆ రహీమ్ దిగివచ్చినా బాగుచెయ్యలేడు.

తర్వాత ఉప్పుకాగితం. ముందు కొంచెం గరుకుది, తర్వాత నున్ననిది, ఆ తర్వాత ఇంకా నున్ననిది. ఎప్పుడూ నీళ్ళు పోస్తూనే అరగదీయాలి, పొడి చెయ్యి తగలకూడదు. ఒక కాగితంతో నిలువుగా రుద్దితే తర్వాతిదాంతో అడ్డంగా రుద్దాలి. నిలువు గీతలన్నీ మాసిపోయినప్పుడే ఇంకో కాగితం పట్టుకోవాలి. గడియారం గాజైతే బొటనవేలంత. ఇదేమో మంచంలో సగం. భుజాలు పడిపోయేవి. మొదట్లో ఇంకా మసకగా తయారైంది. చూడవచ్చిన ప్రేమమ్మ, పక్కింటావిడ, “ఉన్నది కూడా చెడగొట్టావు గదయ్యా” అని బుగ్గన చెయ్యి వేసుకుంది.

ఎంతవరకు వచ్చిందో తేల్చుకోవటానికి జక్కయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తొట్టిని మంచానికీ తనకూ మధ్యన నిలబెట్టి అందులోంచి పెళ్ళాన్ని చూసేవాడు. తొలిరోజుల్లో చీర రంగు మాత్రం తెలిసేది. తర్వాత చేటలో కదిలే చెయ్యి తెలిసింది. పళ్ళపొడిని పాత పంచెలో వడగట్టి, నూనె చుక్క కలిపి, మెత్తటి గుడ్డతో మెరుగు పెట్టటం మొదలుపెట్టాక ఒక మధ్యాహ్నం ఆమే అడిగింది.

“ఇప్పుడు కనపడతన్నానా?”

“కనపడతన్నావు.”

“ఎట్టా ఉన్నా?”

“కోపంగా ఉన్నావు.”

“కూర మాడతంది, కోపం కాకేముంటది. పోయి దించు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అన్నాళ్ళకు నవ్వు వినపడింది. పెట్టె పూర్తయ్యేనాటికి ఆమె ముక్కుపుడక పక్కనున్న చిన్న మచ్చ కూడా ఇవతలికి తెలిసింది. పెట్టె కళ్ళముందు ఉందో లేదో చెయ్యి చాచి తాకితేగాని తెలియనంత తేటగా వచ్చింది.

అప్పగించేటప్పుడు జక్కయ్య బావకు గట్టిగా చెప్పాడు. “దీనికి దుమ్మే శత్రువు. దుమ్ము పడితే పొడిగుడ్డతో తుడవబాకండి. ముందు నీళ్ళు పొయ్యండి, తర్వాత తడిగుడ్డతో అద్దండి. రుమాలు మాతకు తాకిచ్చి కళ్ళకద్దుకుంటారు చూడు, ఆ అలవాటు ఈ ఒక్క ఏడు మానిపిచ్చు. పండగనాడు ఎవురి రుమాలుకు దుమ్ము లేకుండా ఉండుద్ది?”

“నేను చూసుకుంటా గదా” అన్నాడు అంతోని.

పండగకు పేట పేటంతా దారి మీద పడింది. ఆడా మగా కలిసి రాళ్ళన్నీ ఏరి పక్కకు పోశారు. గుంటలు పూడ్చారు. దుమ్ము లేవకుండా కావిళ్ళతో నీళ్ళు చల్లారు. ప్రేమమ్మ ఫిలోమినాకు తల దువ్వి, పువ్వులు పెట్టి, ట్రంకుపెట్టెలో దాచిన పెళ్ళిచీర కట్టింది. మంచాన్ని గుమ్మం బయటికి తెచ్చి వేశారు. “పో, ఎదురుపోయి తీసుకురా” అని మొగుణ్ణి తరిమింది ఫిలోమినా.

తేరు రెడ్ల బజారులో తిరుగుతోంది. సాయంత్రపు ఎండలో పెట్టె ఉన్నట్టే లేదు, మాత ఒక్కతే గాలిలో నిలబడి వస్తున్నట్టుంది. జక్కయ్య గుండె ఉప్పొంగింది. ఆ వెంటనే కలుక్కుమంది కూడా. ప్రతి ఇంటి ముందూ జనం ఎగబడి రుమాళ్ళతో, పైటకొంగులతో, తలగుడ్డలతో పెట్టెను రుద్ది కళ్ళకద్దుకుంటున్నారు. వద్దని చెప్పే నాథుడు లేడు. ఒక్కొక్క రుద్దుడూ అతని వీపు మీద పడ్డట్టే ఉంది. పోనీలే, మళ్ళీ మెరుగు పెట్టుకోవచ్చు, పేటకు వస్తే చాలు అనుకున్నాడు.

తేరు చావిడి మూలకు వచ్చింది. పేటజనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. సిలువ పట్టుకొని ముందు నడుస్తున్న అంతోని ఆగాడు. వెనక్కి తిరిగాడు. కుడిచెయ్యి పైకెత్తి, తేరు మోసే బోయీలకు ఎడమవైపు చూపించాడు. ఎడమవైపంటే గుడివైపు.

తేరు మళ్ళింది.

జక్కయ్యకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక పరుగెత్తుకుపోయి బావ చెయ్యి పట్టుకున్నాడు. “ఏంది బావా ఇది? ఎటు తిప్పావు?”

అంతోని అతని మొహంలోకి చూడలేదు. “దారి బాగాలేదు బావా. దుమ్ము. నువ్వే గదా చెప్పావు దుమ్ము పడితే పాడయిపోద్దని? ఇంత కష్టపడి చేశావు, పాడుచేసుకుంటామా?”

శౌరిరెడ్డి రెండు బారల దూరంలో నిలబడి చావిడి కప్పు వంక చూస్తున్నాడు. ఆయన పెదవి కదపవలసిన పని పడలేదు. పరాయివాడు కొడితే తిరిగి కొట్టవచ్చు, లేదా ఏడవవచ్చు. సొంతవాడు, అదీ నువ్వు చెప్పిన మాటనే తీసి నీ నోట్లో కుక్కితే ఏం చెయ్యాలి? జక్కయ్య చెయ్యి వదిలేశాడు. డప్పులు గుడివైపు పోయాయి. నీళ్ళు చల్లిన దారి ఇంకా తడిగానే ఉంది.

ఇంటిదాకా ఎట్లా నడిచాడో అతనికే తెలియదు. మంచం మీద ఫిలోమినా మెడ చాచి దారివంక చూస్తోంది.

“ఏదయ్యా? డప్పు అటు పోతందేంది?”

“రాదంట. తిప్పారు.”

“ఎవురు తిప్పారు?”

అక్కడ అబద్ధం దొర్లింది. “రెడ్డి తిప్పిచ్చాడు” అన్నాడు జక్కయ్య. అన్నాక, అదే మేలనుకున్నాడు. తేరు ఎటూ పోయింది. దానితోపాటు ఆదివారాలు కూడా పోతే ఈ మనిషికి ఇంకేం మిగులుతుంది?

ఆమె పువ్వులు తీసి పక్కన పెట్టింది. “మా అన్న ఎట్టా తట్టుకున్నాడో. పాపం, మాట తెచ్చింది వాడు గదా” అంది.

మరుసటి ఆదివారం అంతోని గుమ్మం దాకా వచ్చి తచ్చాడుతుంటే ఆమే లోపలికి పిలిచింది. “రా అన్నా. నువ్వేం మనసులో పెట్టుకోబాక. ఎవురు ఎట్టాంటివాళ్ళో నాకు తెలవదా? అన్నం తిను ముందు” అంది. అంతోని తల వంచుకొని తిన్నాడు. జక్కయ్య నీళ్ళచెంబు తెచ్చి ముందు పెట్టాడు. బావలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ ఏడాదంతా అదే తంతు. ఆమె తన చేత్తో ఏరిన బియ్యం, తన చేత్తో శుభ్రం చేసిన ఎండుచేపలు, అన్నీ అన్న కోసం ఆదివారానికి దాచేది. ఆ కంచం చూసినప్పుడల్లా జక్కయ్యకు కడుపు మండేది. మండినా మింగేవాడు. మూల దగ్గర చూసినవాళ్ళను కూడా ఆమె చెవిన వెయ్యవద్దని అతనే బతిమాలుకున్నాడు. తను మంచిపనే చేస్తున్నానని అతని నమ్మకం.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. పండగ ముందటి ఆదివారం అంతోని గోనెపట్టా చుట్టిన పెట్టెతో వచ్చాడు. పట్టా విప్పితే పెట్టె పొగ పట్టినట్టుంది. రుమాళ్ళు రుద్దిన సుడులు సుడులు గీతలు. పేటదారి దుమ్ముకు పాడవుతుందన్న పెట్టె పేటదారి చూడకుండానే పాడైంది.

“మళ్ళీ మెరుగు పెట్టమని ఫాదరు గారు బావనే అడగమన్నారు చెల్లా” అన్నాడు అంతోని.

ఫిలోమినా చేట పక్కన పెట్టింది. “నువ్వెందుకు అడగాలన్నా? ఆ రెడ్డికి నోరు లేదా? తేరు తిప్పిచ్చినోణ్ణే వచ్చి అడగమను.”

అంతోని చేతులు పట్టా మీదే ఆగిపోయాయి. మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు.

“నా తప్పు ఆయన మీద ఎయ్యబాక చెల్లా. నన్ను కాచుకొచ్చింది చాలు. ముందురోజు రెడ్డి గారు పిలిచి చెప్పింది నిజమే. మేం తిప్పితే పేట గొడవ చేసుద్ది, నువ్వు తిప్పితే ఎవురూ అడగరన్నాడు. కాదంటే గుళ్ళో నా పని ఉండదనుకున్నా. కానీ చెయ్యెత్తింది నేను గదా. బావ కళ్ళారా చూశాడు గదా. నేనే తిప్పానని తెలిసి కూడా మరుసటి ఆదివారం పిలిచి అన్నం పెట్టావు. ఏడాదినుంచి ఒక్కనాడు ఒక్కమాట అన్లా. నీ అంత మనసు ఎవురికుండుద్ది చెల్లా?”

ఫిలోమినా అన్నవైపు తిరిగింది.

“నాకు తెలవదన్నా” అంది. “ఇప్పుడే తెలిసింది.”

అంతోని నోరు తెరిచి చెల్లెల్నీ బావనూ మార్చి మార్చి చూశాడు. ఏం జరిగిందో అతనికి అప్పటికి తట్టింది.

“లెయ్యి. ఆ పెట్టె తీసుకొని పో. ఇక రాబాక.”

అతను పెట్టె ఎత్తుకొని గుమ్మం దాటాడు. ఆమె మొగుడివైపు తిరిగింది.

“చూశావంటగా?”

“చూశా.”

“మరి రెడ్డని ఎందుకు చెప్పావు?”

“నీకున్నది వాడొక్కడే గదే. వాడు కూడా రాకపోతే ఎట్టా బతుకుతావని...”

“నేను వాణ్ణి ఓదార్చానయ్యా!” ఆమె అరచేత్తో మంచంపట్టెను చరిచింది. “బాధపడబాకన్నా అని నేను వాడికి చెప్పా! నువ్వు ఆ గుంజకానుకొని వింటా కూర్చున్నావు. వాడు నన్ను ఒక్క పొద్దు మోసం చేశాడు. అదీ భయపడి చేశాడు. నువ్వు ఏడాదినుంచి నా పక్కనే పడుకొని చేశావు.”

“నీ మంచికే ఫిలోమీ. ఈ మాట విని నువ్వు తట్టుకోలేవని...”

“పోయింది నా కాళ్ళే గదయ్యా” అంది ఆమె. “నిజం మొయ్యటానికి కూడా కాళ్ళు కావాలని నీకెవురు చెప్పారు?”

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. జక్కయ్య మంచం ఇవతల నిలబడి, పిలవటానికి ధైర్యం చాలక, ఆమె వీపు వంక చూస్తూ ఉండిపోయాడు.